స్టేషన్లో నాన్న, గేమ్‌లో నాన్న

ఈ సాయంత్రం నరసాపురం స్టేషన్లో రైలు దిగి, పూతరేకుల పెట్టె వానకి తడవకుండా పొట్టకి హత్తుకుని, స్కూటీ మీద వస్తానన్న మా అమ్మాయి కోసం ముప్పావుగంట నిలబడ్డాను. చివరికి ఫోనెత్తింది.

“ఐదు నిమిషాలాగండి నాన్నా, నాన్నగారు దొరికేలా ఉన్నారు.”

“ఏ నాన్నగారమ్మా?”

“గేమ్‌లో హీరోయిన్ వాళ్ళ నాన్నగారండి. ఆర్కియాలజిస్టు. పాత గుడి తవ్వడానికెళ్ళి తప్పిపోయారు. పాపం, ఆ అమ్మాయి దేశాలన్నీ తిరిగి వెతుకుతోంది.”

“మరి నేనో?”

“మీరు స్టేషన్లోనే ఉన్నారుగా.”

ఆటోలో ఇంటికొచ్చాను. తలుపు తీసిన పిల్ల కళ్ళనిండా నీళ్ళు. ఆ నాన్నగారు చనిపోయారట. తడిసి ముద్దయిన నేనే ఓదార్చాను.

కూతురు వెతుక్కుంటూ రావాలంటే ఎక్కడికెళ్ళి తప్పిపోవాలో, తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.