గోరు పెరిగినంత మెల్లగా

పలాస నుంచి అక్కుపల్లి దాకా కోతల రాయుడిగా నాకు మంచి పేరుంది. అలాంటి నేను ఓ రోజు బస్సులో ఖర్మకాలి నిజం చెప్పాను. మహాసముద్రం అడుగున నడిమధ్య పెద్ద చీలిక ఉందనీ, అందులోంచి కరిగిన రాయి ఉబికి గట్టిపడి కొత్త నేల అవుతుందనీ, పాత నేల అటూ ఇటూ జరుగుతుందనీ, అదీ మన గోరు పెరిగినంత మెల్లగానేననీ.

"నువ్వు తిమింగలం మీద ఇసాపట్నం ఎల్లిన కతే నయం, మావా!" అన్నాడు కండక్టరు. బస్సంతా నవ్వింది. ఒట్టేసినా ఒక్కరూ వినలేదు.

నా సంగతి తెలియని ఒకావిడ మాత్రం పక్కసీట్లో నవ్వకుండా కూర్చుంది. జీడిపిక్కలు కొట్టే పని మానేసి రెండు నెలలైందట. అందరికీ కనపడేలా బొటనవేలు చాచింది. పిక్కల తొక్కలోని నూనె చేసిన నల్లమరక గోరు సగానికి జరిగిపోయింది. మొదలు దగ్గర కొత్త గోరు తెల్లగా మెరుస్తోంది.

"దీన్ని నానేటీ తొయ్యలేదు బాబూ. కొత్తది పుట్టుకొత్తంటే పాతది ముందుకెల్పోతంది. సముద్రానికైనా అంతే గావాల" అంది.

ఆమె దిగిపోయేసరికి కండక్టరుతో సహా అందరూ తమ గోళ్లు చూసుకుంటున్నారు. ఆ క్షణంలో తిమింగలం కథ మళ్లీ ఎత్తుకున్నా నమ్మేసేవారే.

ఎందుకో ఎత్తుకోలేదు.