చలికాలంలో రాలిన ఇప్పపూలు

రెండువేల నాలుగు చలికాలంలో వనపర్తి కంటి శిబిరంలో ఆపరేషన్ చేయించుకున్నాను. ఒక కంటికి కట్టు, రెండో కంటికి ఎప్పటినుంచో మసక. హాల్లో పది మంచాల మీద పది మంది ముసలివాళ్లం, ఒకరికొకరం కనబడం, మాట్లాడుకోం. కట్టు విప్పాక చూపు వస్తుందో రాదోనని నాకు లోపల ఒకటే దడ. ఆ మౌనం భరించలేక కథ ఎత్తుకున్నాను.

"గిసొంటి చలికాలంలనే నల్లమలల ఇప్పపూలు ఏరుతుంటే ఎలుగుబంటి మీద పడ్డది. గొడ్డలితోని ఒక్కటి ఏసిన."

మంచాలు కిర్రుమన్నాయి. అందరూ నావైపు తిరిగారని ఉత్సాహం వచ్చి ఎలుగుబంట్లను మూడు చేశాను.

చివరి మంచం నుంచి ఒక గొంతు నెమ్మదిగా అడిగింది. "పెద్దాయనా, మాది అడివే. ఇప్పపూలు ఎండకాలంల గద రాలేది. నీకు చలికాలంల ఏడ దొరికినయి?"

దొరికిపోయాను, ఒప్పేసుకున్నాను. "నేను అడివి మొఖమే చూడలేదన్నా. రేపు కండ్లు కనబడయేమోనని భయమైతుంది. గందుకే గిట్ల వాగుతున్న."

ఎవరూ నవ్వలేదు. "నాకూ గదే భయం," అందా గొంతు. పక్క మంచం ఆయన, తాను పొద్దున ఆపరేషన్ బల్ల దిగి పారిపోబోయానని చెప్పాడు. సాయంత్రం దాకా ఒక్కొక్కరూ ఏదో ఒకటి చెబుతూనే ఉన్నారు.

మర్నాడు కట్టు విప్పగానే ఆ గొంతు ఎవరిదో చూడాలని చివరి మంచం వైపు తిరిగాను. బక్కపలచని ముసలాయన అప్పటికే లేచి నిలబడి, "మూడు ఎలుగుబంట్లాయన ఎవరు?" అని ఒక్కో మొహమూ పరీక్షగా చూస్తున్నాడు.

కొత్తవాళ్లలో ఇప్పటికీ ముందు కోతలే కోస్తాను. నిజం చెప్పడానికి మాత్రం అంతసేపు ఆగను.