కాళ్ళకి మర్యాద తెలీదు

మనుషులకి మొహాలుంటాయన్న సంగతి మా బావగారికి తెలీదు. ఆయనకి తెలిసిందల్లా కాళ్ళు. ఎవరొచ్చినా ఆయన చూపు తిన్నగా కిందకే పోతుంది. పాలు పోసే ఆయన ఓ రోజు కొత్త బూట్లేసుకొస్తే, "ఎవరు కావాలండీ?" అని గుమ్మంలోనే నిలబెట్టేశారు. ఇంకోసారి బజార్లో అచ్చం మా అక్క చెప్పుల్లాంటివే వేసుకున్న ఎవరో ఆవిడ చేతికి కూరల సంచీ అందించి, "పద, ఇంటికెళ్దాం" అన్నారు. ఆవిడ కేకలు పెట్టింది. మా అక్క పక్క కొట్లోంచి పరిగెత్తుకొచ్చి క్షమాపణ చెప్పుకుంది.

"రేపు నేను తప్పిపోతే పోలీసులకి ఈయన నా చెప్పుల సైజు చెబుతారే తప్ప నా పోలికలు చెప్పలేరే!" అని నా దగ్గర వాపోయింది.

ఇదంతా వృత్తి తెచ్చిన రోగం. ఆయన సినిమా ఎడిటర్. నేను ఆయన దగ్గరే సౌండు పని చూస్తాను. కోతలన్నీ అయ్యాక కొంతమందిని పిలిచి సినిమా వేసి చూపించడం మా అలవాటు. అందరూ తెర చూస్తుంటే ఈయన తెర పక్కనే పొట్టి స్టూలేసుకుని, తెరకి వీపు పెట్టి, కుర్చీల కింద కాళ్ళు చూస్తూ కూర్చుంటారు.

"మొహాలు చూస్తే తెలీదా బావగారూ?" అనడిగాను ఓసారి.

"మొహానికి మర్యాద ఎక్కువమ్మాయ్. పక్కన నిర్మాత ఉన్నాడంటే ఏడుపుగొట్టు జోక్‌కి కూడా నవ్వుతుంది. కాళ్ళకి ఆ మర్యాద తెలీదు. ఊగుతున్నాయా, మనం సాగదీశామన్నమాట. చెప్పులు వెతుక్కుంటున్నాయా, మనిషి అప్పుడే ఇంటికెళ్ళిపోయాడు. కదలకుండా ఆగిపోయాయా, ఇక ఆ సీను జోలికి పోకు."

ఆ లెక్కనే ఓ హీరోగారి ఫైటు సగానికి కోసేశారు. హీరోగారు మండిపడుతూ వస్తే, ఆయన బూట్లకేసి చూసి, "మీవి కూడా ఊగాయండీ" అన్నారు. హీరోగారు గబుక్కున తన బూట్లకేసి తనే చూసుకున్నారు!

నిజం చెప్పొద్దూ, ఈయనకి మనసు లేదనే అనుకునేదాన్ని. మొదటి ఉద్యోగం ఊడిన రోజున ఉబ్బిన మొహంతో అక్కావాళ్ళింటికొచ్చాను. ఏమైందమ్మా అని అడగొద్దూ? నా కాళ్ళకేసి చూసి, "ముందు వెళ్ళి కాళ్ళు కడుక్కురా, తొందరేం లేదు" అన్నారు. కుళాయి తిప్పుకుని ఆ చప్పుడులో కుమిలి కుమిలి ఏడ్చాను. బయటికొచ్చాక, "మీ ఆయన రాయే" అని అక్కతో అన్నాను కూడా.

సరే, అసలు సంగతికొస్తాను. ఓ కొత్త దర్శకురాలు తన మొదటి సినిమా మాతోనే కోయించుకుంది. అందులో ఓ ముసలి దర్జీ, ఆయనతో మాటలు మానేసిన కొడుకు. ముసలాయనకి చూపు ఆనక సూదిలో దారం ఎక్కదు. ఎక్కించబోతాడు, తప్పుతుంది. మళ్ళీ, మళ్ళీ. గుమ్మంలో నిలబడ్డ కొడుకు చివరికి లోపలికొచ్చి, సూది లాక్కుని, దారమెక్కించి, బల్లమీద పెట్టి వెళ్ళిపోతాడు. ఇద్దరూ ఒక్క మాటా అనరు. ఆ సీను కోసమే ఆ పిల్ల సినిమా అంతా తీసింది.

వేసి చూపించాం. లైట్లు వెలిగాయి. నిర్మాత నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని లేచాడు.

"సూదిలో దారమెక్కించడానికి అంతసేపా? జనం నిద్రపోతారు. తీసేయండి. తీయకపోతే సినిమా విడుదల చెయ్యను, అంతే!"

ఆ పిల్ల మొహం పాలిపోయింది. "సార్, మీరు చెప్పండి. కాళ్ళు ఆగాయా లేదా?" అని బావగారి వైపు తిరిగింది. అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఆయన నిర్మాత బూట్ల వైపు చూశారు. చూసి, నింపాదిగా అన్నారు:

"తప్పు సీనుది కాదండీ. సౌండు సరిగ్గా లేదు. మా మరదలు పాడుచేసింది."

నాకు ఒళ్ళు మండిపోయింది. మాటే లేని సీనుకి సౌండేమిటి, నా తలకాయ! నోరు తెరవబోతే, నా చెప్పులకేసి ఓ చూపు చూశారు. ఎందుకో ఊరుకున్నాను.

"ఇప్పుడే సరిచేస్తుంది. మీరొక్కరే కూర్చుని ఆ ఒక్క సీనూ మళ్ళీ చూడండి. మేమంతా బయటుంటాం" అన్నారు బావగారు.

నేను మిషను గదిలోకెళ్ళి, ఏ సౌండు మీటా ముట్టుకోకుండా, అదే సీను మళ్ళీ వేశాను. వేసి బయటికొచ్చేశాను. తలుపు తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది. నిర్మాత అవే నల్ల కళ్ళద్దాలతో వచ్చాడు.

"ఆఁ, ఇప్పుడు సౌండు బావుంది. సీను ఉంచండి" అని, గొంతు సవరించుకుని, నా వైపు తిరిగి, "ఇకమీదట జాగ్రత్తగా పనిచెయ్యమ్మా" అని మందలించి మరీ వెళ్ళాడు. దర్శకురాలు నన్ను కావిలించుకుని, "అక్కా, సౌండు ఎంత బాగా సరిచేశారో!" అంది. ఏం చెప్పను?

అందరూ వెళ్ళాక బావగారి మీద పడ్డాను. "నా పరువు తీశారు కదా! అసలు జరిగిందేమిటి?"

"సూది సీనులో ఆ నిర్మాత బూట్లు విప్పేశాడమ్మాయ్. మేజోళ్ళలో వేళ్ళు బిగబట్టుకుని, కొడుకు దారమెక్కించేదాకా వదల్లేదు."

"మరి ఆ మాటే అందరిముందూ అనొచ్చుగా! నోరు మూసుకునేవాడు!"

"అంతమందిలోనా? ఏడ్చినవాణ్ణి పట్టిచ్చేస్తామా? పాపం, ఎవరైనా చూస్తున్నారంటే మనిషి ఏడుపు మింగేసుకుంటాడు. నేను మాత్రం మొహాలెందుకు చూడననుకున్నావ్? మన పని ఏడిపించడం వరకే. ఆ తర్వాత చూపు తిప్పుకోవాలి."

నాకు ఒక్కసారిగా ఆనాటి కుళాయి గుర్తొచ్చింది. చెప్పులోంచి ఎప్పుడు జారిందో, నా కుడికాలు నేలమీద ఉంది.

బావగారు దాన్ని చూశారు. మొహం ఎత్తలేదు.

"కాళ్ళు దుమ్ము కొట్టుకుపోయాయి. వెళ్ళి కడుక్కురా. తొందరేం లేదు" అన్నారు.

నా కాళ్ళకి దుమ్మూ లేదు, ధూళీ లేదు. అయినా వెళ్ళాను. కుళాయి కాస్త గట్టిగానే తిప్పాను.