దుప్పటి పట్టుకున్న మనిషి

భార్య పోయిన రోజు ఫొటోగ్రాఫరుకు కలిగిన మొదటి ఆలోచన, కిటికీ వెలుతురు ఆమె చెంప మీద బాగా పడుతోందని. రెండో ఆలోచన రాలేదు. పన్ను పీకించుకున్నవాడికి తన పెదవి తనది కానట్టుంటుంది కదా, ఆ వేళ నుంచీ ఆయనకు ఒళ్లంతా అలాగే ఉంది. పొద్దున్నే స్టూడియో షట్టరు ఎత్తుతాడు, సాయంత్రం దించుతాడు. మధ్యలో పాస్‌పోర్టు ఫొటోలు. అన్నం తింటాడు. రుచి పక్కింట్లో ఎవరో మాట్లాడుకుంటున్న మాటలా దూరంగా ఉంటుంది.

వీధిలో ఆయన్ని "నవ్వకండి మాస్టారు" అంటారు. సెలవు రోజున కెమెరా మెడలో వేసుకుని బయల్దేరేవాడు. దర్జీని మిషను ముందు, నర్సును బస్‌స్టాపులో, తాళాలు బాగుచేసే ముసలాయన్ని ఆయన తాళాల మధ్య నిలబెట్టి, "నవ్వకండి. ఇటు చూడండి" అనేవాడు. ఒక్క క్షణం ఆగితే వాళ్ల ముఖాలు వాటంతటవే విచ్చుకునేవి. అప్పుడు నొక్కేవాడు. నవ్వొద్దంటేనే మనిషి నవ్వుతాడని, అదే తన విద్య అని ఆయన నమ్మకం. అడిగిన వాళ్లకూ, అడగని వాళ్లకూ అదే చెప్పేవాడు.

భార్య పని దుప్పటి పట్టుకోవడం. నీడ పడిన వైపు వెలుగు మళ్లించడానికి ఒక తెల్ల దుప్పటి. రెండు చేతులా చాచి పట్టుకుని, బొమ్మలోకి రాకుండా ఎడమ పక్కన నిలబడేది. వీధికంతా ఆమె దుప్పటక్క.

కర్మలన్నీ అయ్యాక కూతురు అడిగింది. "నాన్నా, అమ్మ ఫొటో ఒకటి ఇవ్వు. నేను ఊరెళ్లేలోపు గోడకి పెట్టాలి."

ఆయన తలూపాడు. ఊపాక గుర్తొచ్చింది, లేదని.

పెళ్లినాడు ఫొటోలు తీసినవాడు కెమెరాలో రీలు సరిగ్గా ఎక్కించలేదు. ఒక్కటీ పడలేదు. "మన పెళ్లికి సాక్ష్యం లేదండీ, నేనెప్పుడైనా పారిపోవచ్చు" అని ఆమె ఏళ్ల తరబడి బెదిరించింది. తర్వాత ఆయన కెమెరా ఎప్పుడు తిప్పినా దుప్పటి ముఖానికి అడ్డం పెట్టుకునేది. "నా మీద రీలు దండగ. ఆ ముసలాయన్ని తీయండి, ఎండ పోతోంది." నిజంగానే ఎండ పోతూ ఉండేది. ఆయన ముసలాయన్నే తీసేవాడు.

ఉన్నదల్లా గుర్తింపు కార్డు మీది ఫొటో. కూతురు దాన్ని తిప్పి తిప్పి చూసింది. "ఎవర్నో దొంగతనంలో పట్టుకొచ్చినట్టుంది. ఇది అమ్మ కాదు."

"ఎక్కడో ఒకచోట పడే ఉంటుంది. వెతుకుతాను" అన్నాడు ఆయన.

అట్టపెట్టెలు దించి బొమ్మలన్నీ నేల మీద పరిచాడు. ఆమె ఉంది, ముక్కలు ముక్కలుగా. ఒకదాని అంచున నాలుగు వేళ్లు. దర్జీ కొట్టు అద్దంలో తెల్లటి దుప్పటి, దాని కింద రెండు పాదాలు. మరోచోట గోడ మీద నీడ. భూతద్దం పెట్టి చూస్తే ప్రతి ముఖంలోనూ, కంటిపాపలో చిన్న తెల్లని పలక కనిపించింది. దాని పక్కన ఒక నల్ల చుక్క. దుప్పటి, ఆమె తల. వీధి చివర ఇస్త్రీ చేసే ఆమె బొమ్మలో కన్నును పెంచి, ఇంకా పెంచి ప్రింటు వేశాడు. తెలుపు ఒలికింది, చుక్క చిట్లి ఇసుకయింది. ఆ ఇసుకను చాలాసేపు చూశాడు. దుఃఖం వస్తుందేమోనని ఎదురుచూశాడు. ఆకలేసింది.

మర్నాడు దర్జీ దగ్గరికి వెళ్లాడు.

"మా ఆవిడ ముఖం కనిపించే ఫొటో ఏదైనా ఉందా నీ దగ్గర?"

"తీసింది మీరు, ఉండటం నా దగ్గరా?" అన్నాడు దర్జీ. అనేసి నాలుక కరుచుకున్నాడు. "ఇస్త్రీ వదినను అడగండి మాస్టారూ. వాళ్లిద్దరిదీ ఒకటే గుసగుస."

ఇస్త్రీ చేసే ఆమె బల్ల వెనక గోడకు ఆయన తీసిన బొమ్మే ఉంది. చేతిలో ఇస్త్రీ పెట్టె, తల వెనక్కి వాల్చి నవ్వు. ఆయన తీసినవాటిలో అందరూ మెచ్చుకున్నది అదే.

"ఫొటో లేదన్నా," అంది ఆమె, చొక్కా చేయి మడుస్తూ. "ఎప్పుడూ దుప్పటి చాటునే కదా."

ఆయన వెనుదిరగబోయాడు. ఊరికే, ఏదో అనాలి కాబట్టి అన్నాడు. "నవ్వొద్దంటే ఎంత బాగా నవ్వావో ఆ రోజు."

ఇస్త్రీ పెట్టె ఆగింది. "మీరన్నందుకు నవ్వానా నేను?"

"మరి?"

"ఇప్పుడెందుకులే."

"చెప్పు."

"దుప్పటక్క మీకు వినపడకుండా ఏమందంటే, 'మా ఆయన్ని చూడు. బొమ్మ తీసేప్పుడు నోరు తెరుచుకుని ఉంటాడు. ఈగ దూరితే కూడా కదలడు' అంది. చూశాను. నిజంగానే తెరుచుకుని ఉన్నారు. ఇంక ఆగుతుందా?"

ఆయన గోడ మీది బొమ్మ వైపు తిరిగాడు.

"నాకొక్కదానికే కాదు, అందరికీ అదే చెప్పేది. దర్జీకి 'లోపల దంతాలు లెక్కపెట్టుకో' అందట."

"నాకెవరూ చెప్పలేదే."

"చెప్పనివ్వలేదు. తెలిస్తే ఆయన నోరు మూసుకుంటాడు, మూసుకుంటే ఫొటో బాగా రాదు, అలా వదిలేయండి అంది." ఇస్త్రీ పెట్టెను మళ్లీ చొక్కా మీదికి జరిపింది. "మీ ముఖం చూడటానికే వస్తున్నానని కూడా అంది ఒకసారి. ఇంట్లో అలా ఉండరట కదా మీరు."

ఆయన తిరిగి నడిచాడు. వీధి పొడుగునా తెలిసిన ముఖాలే. ఇన్నేళ్లూ వాళ్లు చూసింది తననే, ఆమె చూపించినట్టు చూశారు. ఇది మంచి సంగతో చెడ్డ సంగతో ఆయనకు తెలియలేదు. తిమ్మిరెక్కిన కాలి మీద ఎవరో చేయి వేసినట్టుంది. వేశారని తెలుస్తోంది, అంతే.

"దొరికిందా?" అంది కూతురు, గుమ్మంలోనే.

"లేదు."

పెట్టెలోంచి ఇస్త్రీ ఆమె బొమ్మ తీసి, పాత చట్రంలో బిగించి ఇచ్చాడు. "ఇది పెట్టు. మధ్యలో కాదు, కుడివైపు జరిపి."

"ఇస్త్రీ పిన్ని కదా ఇది. అమ్మేది?"

"పక్కన ఉంది. ఎడమవైపు. ఆమె నవ్వుతోంది చూడు, అది మీ అమ్మ అన్న మాటకి."

ఏం మాటో చెప్పాడు. పొడిపొడిగా, రసీదు చదివినట్టు చెప్పాడు. కూతురు స్టూలు ఎక్కి మేకు కొట్టింది. చట్రం తగిలించింది. ఎడమవైపు గోడ మనిషంత వెడల్పున ఖాళీగా మిగిలింది.

"వంకరగా ఉందా?" అని అడిగింది.

ఆయన రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. అంచుల్ని కళ్లతోనే కొలుస్తూ అలాగే ఉండిపోయాడు. జవాబు రాకపోతే కూతురు వెనక్కి తిరిగింది, ఆయన ముఖం చూసింది. ఆమె పెదవులు బిగిశాయి, వణికాయి, ఆగలేక విచ్చుకున్నాయి. కళ్లు తుడుచుకుంటూ స్టూలు మీదే నవ్వింది.

తన నోరు తెరుచుకుని ఉందని ఆయనకు తెలిసింది. మూయలేదు.