సభకు ఒక్క సంతకం తక్కువ

మొన్నామధ్య మా ఊరి గ్రామసభలో నేను చేసిన ఘనకార్యం వినండి. విని నవ్వుకోండి, నాకేం బాధ లేదు. ఊరంతా నవ్వేసింది, ఇంక మీరెంత!

మాది మైలవరం డ్యాం ఒడ్డున ఊరు. కండ్ల ముందర సముద్రం మాదిరి నీళ్లు. గొర్రెలు తాగడానికి మాత్రం దారి లేదు. నీళ్లు వెనక్కి పోతే మోకాటి లోతు బురద. ఒక ఎండాకాలం నా గొర్రెలు రెండు ఆ బురదలో దిగబడితే ఒకదాన్ని కాళ్లు పట్టుకుని, ఒకదాన్ని తోక పట్టుకుని పీకినాం. నేనూ దిగబడితి. నన్ను పీకినోళ్లు యాడ పట్టుకున్నారో అడగొద్దు. అందుకే నీళ్లదాకా సిమెంటు బాట వెయ్యమని నాలుగేండ్లుగా పంచాయతీ ఆఫీసు చుట్టూ తిరుగుతాండా.

ఇన్నాళ్లకు దానికి మోక్షమొచ్చింది. గ్రామసభలో తీర్మానం చేసి ఆపొద్దే కాగితం మండలాఫీసుకు పంపితే బాట మాది. లేకుంటే పక్కూరిది.

తెల్లపంచ కట్టుకుని అందరికంటే ముందు పోతి. సెక్రెటరీ పాప తెలివైందే కానీ తొందర జాస్తి. రిజిస్టరు నా ముందర పెట్టింది. నేను కండ్లద్దాలు తుడుచుకుని, పెన్ను పట్టుకుని, మొదటి అక్షరం యాడ మొదలుపెట్టల్లనా అని చూస్తాండా. అంతలోకే నా వెనకాల ఇరవై మంది లైను కట్టినారు.

"తాతా, లేటవుతాంది. వేలిముద్ర వెయ్యి, సరిపోతుంది" అనె.

వేలిముద్రా! నాకా! తల నెరిసినాక పలక పట్టి సంతకం నేర్చుకున్నోన్ని! పెన్ను ఆడనే పడేసి, "నాకు తీరికైనప్పుడు పెడతా పో" అని ముందు వరసలో కుర్చీ లాక్కుని కాలుమీద కాలేసుకుని కూర్చుంటి.

మొదలుపెట్టే ముందు పాప రిజిస్టరు లెక్కేసింది.

"సార్, కోరం లేదు. యాభై సంతకాలుండల్ల, నలభైతొమ్మిదే ఉండాయి. ఒక్కటి తక్కువైనా సభ చెల్లదు."

సర్పంచు టైము చూసుకున్నాడు. "ఐదు లోపల ఇంకొకరు రాకుంటే వాయిదానే."

నాకు ఒళ్లు మండిపోయ. లేచి నిలబడి ఊరినంతా కడిగిపెడితి. "ఒక్క మనిషప్పా! ఒక్కనికి బుద్ధి లేక ఊరి పని చెడిపోతాంది! ఆ బుద్ధిలేనోడు ఎవడో నాకు దొరకల్ల, చెప్తా వాని కత!"

అందరూ నిజమేనని తలలూపినారు.

చూస్తే సభకు రానోళ్లలో పనికి పోకుండా ఊర్లో మిగిలింది చెన్నప్ప ఒక్కడే. అబ్బా! చెన్నప్ప నాకు బావ వరస. పదకొండేండ్లుగా మాటల్లేవు. నేను సంతకం నేర్చుకున్న కొత్తల్లో పదిమందికి చూపిస్తాంటే, "ఏంది బావా, కాగితం మీద ఎండ్రకాయ పాకిందా?" అన్నాడు. పదిమందీ నవ్వినారు. ఆ పదిమంది పేర్లూ నాకు గుర్తుండాయి.

అట్లాంటోని కాడికి మోపెడ్ ఎక్కి పోతి. గొర్రెల కోసం!

దొడ్డికాడ మంచం మీద పండుకోనుండాడు. "చెన్నప్పా, సభకు రావల్ల" అంటి.

వాడు లేచి వెనక్కి చూసుకున్నాడు. "ఎవర్ని పిలుస్తాండావు? నన్నేనా?"

"నిన్నే."

"ఇంకోసారి పిలువు, చెవులకు శానా ఇంపుగా ఉంది. బావా అని పిలువు."

పిలిస్తి సామీ!

"వస్తా. కానీ బాట పడినాక రోజూ ముందు నా గొర్రెలు దిగల్ల. అవి తాగి పైకొచ్చినాకనే నీవి. నీ మంద మీద ఒట్టెయ్యి."

ఏస్తి! ఏం చేస్తాం, టైము నాలుగున్నర దాటింది.

మోపెడ్ వెనకాల కూర్చోబెట్టుకుని గుంతలన్నీ ఎగిరించుకుంటా తెస్తి. వాడు పెండ్లికొడుకు మాదిరి దారిపొడుగునా అందరికీ చెయ్యి ఊపుతాండాడు. ఐదుకు రెండు నిమిషాలుండగా పోయి దిగినాం. చెన్నప్ప టకటకా సంతకం గీకినాడు. యాభై! చప్పట్లే చప్పట్లు. నేను మీసం తిప్పితి.

వాడు రిజిస్టరు వదలకుండా పైనుంచి కిందికి వేలుపెట్టి చూస్తాండాడు.

"బావా, నీ ఎండ్రకాయ యాడుంది? కనపడలేదే?"

పాప రిజిస్టరు చూసి నా తట్టు చూసింది. సర్పంచు నా తట్టు చూసినాడు. నేను నా వెనకాల చూసుకుంటి. ఎవరూ లేరు.

ఆ బుద్ధిలేనోడు దొరికినాడప్పా!

నేనప్పుడే పెట్టింటే యాభై అయ్యేది. ఎవరి కాలూ పట్టుకునే పని లేదు. అప్పుడు పెడితి సంతకం, ఊరంతా గుండ్రంగా నిలబడి అక్షరం అక్షరం చూస్తాంటే. యాభై ఒకటోది. దాంతో ఎవరికీ పని లేదు.

తీర్మానమైంది, బాటా పడింది. గట్టి బాట, గొర్రె కాలు జారదు. రోజూ పొద్దున్నే చెన్నప్ప మంద ముందు దిగుతుంది. నేను నా మందతో గట్టుమీద నిలబడి ఉంటా, ఒట్టేసినా గదా. అవి తాగి పైకొస్తా ఒళ్లు విదిలించి నా పంచె తడిపి పోతాయి. వాటి వెనకాల కట్టె తిప్పుకుంటా చెన్నప్ప వస్తాడు. ఒక్క పొద్దు కూడా మరువడు.

"ఈపొద్దు సంతకం పెట్టినావా బావా?"