మోటార్ ఆఫ్‌లోనే ఉందాంటీ!

నేను మెకానికల్ ఇంజనీర్ని. ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తాను. ఏ చప్పుడు విన్నా ముందు బేరింగును అనుమానిస్తాను, తర్వాత వదులైన బోల్టును, ఆ తర్వాత దాన్ని బిగించిన మనిషిని. నా అనుమానితుల వరసలో దెయ్యానికి ఎప్పుడూ చోటు లేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా లేదు. నా ఇబ్బంది అదే.

మాది తెనాలి వైపు. జహీరాబాద్‌లో ఉద్యోగం వచ్చాక మాణిక్ రెడ్డి గారింట్లో మేడమీద గదిలో అద్దెకు దిగాను. కింద ఆయన, ఆయన భార్య సుశీలాంటీ ఉండేవాళ్లు. ఆయనకు మొగుడంపల్లి దగ్గర అల్లం తోట. నన్ను ‘ఇంజినీర్ సాబ్’ అని ఆటపట్టించేవారు.

మోటార్ స్విచ్ నా గది పక్కన ఉంటుంది. ట్యాంకు నిండి నీళ్లు వాకిట్లో పడితే, మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని ఆంటీ ఇనప గరిటెతో నీళ్ల పైపు మీద కొట్టేవారు. ఆ పైపు నా గోడను ఆనుకునే పైకి పోతుంది. నేను స్విచ్ ఆపేదాకా టంగు టంగుమని మోగుతూనే ఉండేది. రెడ్డి గారు పక్కనే కుర్చీలో ఉన్నా కదిలేవారు కాదు.

కిందటేడు ఆంటీ గుండెపోటుతో పోయారు.

ఈ ఎండాకాలం రెడ్డి గారిలో కొన్ని మార్పులు గమనించాను. ఒకటి, కుర్చీలో కూర్చోవడం మానేశారు. జొన్నరొట్టె కూడా నిలబడే తింటున్నారు. రెండు, తోటకు బండి మీద పోవడం లేదు. మూడు, ఇల్లంతా ఊదుబత్తీల పొగ. అడిగితే “నడుం బట్టింది” అన్నారు. నేను నడుముకు వ్యాయామాలు చెప్పాను. ఊదుబత్తీలు భక్తి ఖాతాలో వేశాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం కునుకు తీస్తుంటే పైపు మోగింది. టంగు టంగుమని, ఆగకుండా. లేచి స్విచ్ చూశాను. ఆఫ్‌లో ఉంది. పైగా అప్పుడు కరెంటే లేదు. మోత మాత్రం ఆగలేదు. నిద్రమత్తులో మెట్లు దిగుతూ అరిచాను.

“మోటార్ ఆఫ్‌లోనే ఉందాంటీ!”

మోత ఆగింది. నేను సగం మెట్ల మీద ఆగాను. ఎవరితో మాట్లాడుతున్నానో అప్పుడు గుర్తొచ్చింది.

కింది తలుపు తెరుచుకుంది. రెడ్డి గారు లుంగీని ఒంటికి తగలకుండా పట్టుకుని, జ్వరంతో వణుకుతూ నిలబడ్డారు.

“ఎవలతోని మాట్లాడుతున్నవ్?”

“పైపు కొట్టింది మీరు కాదా అంకుల్?”

“మంచంల కెల్లి లేవనే వస్తలేదు, పైపు యాడ గొడ్త?” గోడ వెంట పైకి పోయే పైపు వైపు చూశారు. “ఎట్ల గొట్టిన్రు?”

“ఆంటీ కొట్టినట్టే. ఆపకుండా.”

ఆయన గోడ పట్టుకున్నారు. “జర లోపలికి రా. తలుపువెట్టు. నవ్వినవంటే కిరాయి పెంచుత.”

ఊదుబత్తీల వాసన కింద ఇంకో వాసన ఉంది. ఎలుక చచ్చినట్టు. తొడల మధ్య చిన్న గడ్డ లేచిందట. పసుపు, వేపాకు నూరి పెట్టుకున్నారట. మందుల షాపులో కూర్చునేది చుట్టాలమ్మాయి కాబట్టి అడగలేదట. ఇప్పుడు వృషణాల సంచి బాగా వాచి ఉంది. దాని వెనక చర్మం నల్లబడింది. నాకు నవ్వు రాలేదు.

“దవాఖానకు పోతె బట్టలిప్పాలె గద,” అన్నారు. నేను వాదించబోయేలోపు ఆయనే, “ఇగ తప్పదు. మీ ఆంటి గొట్టుడు షురూ జేస్తె ఆపది. పోదాం పా,” అన్నారు.

ఊళ్లో ఆస్పత్రిలో డ్యూటీ డాక్టర్ నల్లమచ్చ పక్కన నొక్కాడు. చర్మం కింద గాలి చిటపటలాడింది. వెంటనే అంబులెన్స్ పిలిపించి హైదరాబాద్ పంపాడు. అక్కడ సర్జన్ ఒకావిడ. రెడ్డి గారు మళ్లీ బిగుసుకుపోయారు.

“పెద్దాయనా, సిగ్గును చెప్పులతో పాటు బయట వదిలి రండి,” అందావిడ. “పోయేటప్పుడు రెండూ తీసుకుపోదురుగాని.”

అది మర్మాంగాల దగ్గర మొదలై చర్మం కింద కండను కుళ్లబెట్టుకుంటూ పాకే ఇన్‌ఫెక్షనట. రెడ్డి గారిలా షుగరు అదుపులో లేనివాళ్లలో ఎక్కువగా వస్తుందట. మందులొక్కటే చాలవు, కుళ్లినదంతా కోసెయ్యాలి. “రేపు తెచ్చి ఉంటే నేను మాట ఇవ్వలేకపోయేదాన్ని,” అని చెప్పి లోపలికి వెళ్లింది.

బీదర్‌లో ఉన్న రెడ్డి గారి అమ్మాయికి ఫోన్ చేసి, ఆపరేషన్ థియేటర్ బయట బెంచీ మీద కూర్చున్నాను. ఊరికే కూర్చోలేక ఆ చప్పుడుకు కారణాలు వెతకడం మొదలుపెట్టాను. నీళ్ల ఒత్తిడికి పైపు కొట్టుకుందా? మోటారే ఆడలేదు. ఎండకు ఇనుము సాగి మోగిందా?

అక్కడ ఆగిపోయాను. ఇనుమెక్కడిది? ఆంటీ పోయిన తర్వాత తుప్పు పట్టిన ఆ పైపు తీయించి, ప్లాస్టిక్ పైపు వేయించింది నేనే.

రెడ్డి గారు బతికారు. మళ్లీ ఒకసారి లోపలికి తీసుకెళ్లి శుభ్రం చేశారు. రోజుల తరబడి కట్లు కట్టారు. తొడ నుంచి చర్మం తీసి అతికారు. ఇప్పుడు కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చుంటున్నారు. షుగర్ మాత్రలు వేసుకున్నారా అంటే నాలుక చాపి చూపిస్తున్నారు. చుట్టాలకు మాత్రం “నడుం ఆపరేషన్” అనే చెబుతున్నారు. నేనూ అదే చెబుతున్నాను, అందుకే ఇక్కడ పేర్లు మార్చాను.

ఆయనకు ఒక్కటే ఉక్రోషం.

“గన్నేండ్లు సంసారం జేసిన. నాకు ఇనవడలే, నీకెట్ల ఇనవడ్డది?”

“మీకు చెప్తే కదలరని ఆంటీకి తెలుసు కదా అంకుల్.”

“గదీ నిజమే,” అని నవ్వి, లుంగీ అంచుతో కళ్లు తుడుచుకున్నారు.

పక్కిళ్ల పైపులు చూశాను. అన్నీ ప్లాస్టిక్కే. ఆంటీ గరిటె వంటింట్లో మేకుకు వేలాడుతోంది. రెడ్డి గారిని పై గదిలో కూర్చోబెట్టి, కింద పైపు మీద దాంతో బలం కొద్దీ కొట్టాను. టప్, టప్ అంది.

“ఇనవడ్డదా అంకుల్?” అని ఆయన యాసలోనే అరిచాను.

పైకెళ్లి చూస్తే, ఆయన గోడకు చెవి ఆనించి ఇంకా వింటున్నారు.