నీలం ధోతి

మా మామయ్య ధోతి తెలుపు తప్పి నీలంలోకి తిరగడం ఎప్పుడు మొదలైందో మా ఇంట్లో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. ముందు అంచుల దగ్గర చిన్న ఛాయ కనిపించింది. తర్వాత తర్వాత ధోతి మొత్తం ఒకటే రంగు. ఆయన మాత్రం అదే కట్టుకుని, భుజాన తువ్వాల వేసుకుని, కందిలో కాలేజీ క్యాంపస్ ఎదురుగా ఉన్న హోటల్‌కి రోజూ చాయ్ తాగడానికి వెళ్ళేవాడు. ఏ పార్టీలో చేరావని అక్కడ ఆయన ఈడువాళ్ళు ఆట పట్టించేవారట. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఇంట్లో వాషింగ్ మిషన్ ఉంది, కోడలిని నేనున్నాను. అయినా మామయ్య ధోతులు మా అత్తమ్మే చేత్తో ఉతుకుతుంది. పెళ్ళయిన నాటి నుంచీ అంతే. ఉతికి, బకెట్ నీళ్ళలో నీలిమందు చుక్కలు కలిపి, జాడించి, దండెం మీద ఆరేస్తుంది. ఆరిన ధోతిని చేతిలోకి తీసుకుని చూసి, ఎంత ఉతికినా పసుపు పచ్చగానే ఉంటోందని మూతి ముడుచుకుంటుంది. తప్పంతా బోరు నీళ్ళదేనంటుంది. చుట్టూ ఇన్ని ఫ్యాక్టరీలు పెట్టుకుని, నీళ్ళను తిడితే కాదనేవాళ్ళెవరు? మేమూ తలాడించేవాళ్ళం. మర్నాడు బకెట్లో ఇంకో రెండు చుక్కలు పడేవి.

నా నోరు ఊరుకోదు కదా. ధోతి నీలంగా ఉందత్తమ్మా అని ఒకసారి అనేశాను. ఆమె నా కళ్ళద్దాల వంక జాలిగా చూసి, "నీకు అద్దాలున్నయి బిడ్డా. నాకు లెవ్వు," అంది.

ఆ గర్వానికి కారణం చెప్పాలి. చెప్పాలంటే ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. నేను ప్లాంటు క్వార్టర్స్‌లో పెరిగినదాన్ని. మా నాన్న కోస్తా నుంచి ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మా ఆయనది కంది పక్క పల్లె, పొలాలున్న ఇల్లు. ఉద్యోగం పటాన్‌చెరులో. పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటినా మా అత్తమ్మ లెక్కలో నేనింకా కొత్త కోడలినే. కూరలు తరగొచ్చు, బియ్యం కడగొచ్చు, కావలసినన్ని గిన్నెలు తోమొచ్చు. గరిట పట్టుకుని పోపు వేయడానికి మాత్రం వీల్లేదు. మా పుట్టింటి చేతి తీరు పప్పుని పాడుచేస్తుందని ఆమె గట్టి నమ్మకం.

ఇక అద్దాలు. నాకు హైస్కూల్లోనే వచ్చాయి. అద్దాలు పెట్టుకుంటే కళ్ళు బద్ధకిస్తాయని, నంబరు పెరుగుతుందని మా అమ్మకు ఎవరో చెప్పారు. బడిలో పెట్టుకోనిచ్చేది, ఇంటికి రాగానే తీయించేది. నంబరు ఎలాగూ పెరిగింది. గుమ్మాలకు తల కొట్టుకున్న దెబ్బలు అదనం. అందుకే కళ్ళ విషయంలో ఇంటి వైద్యాలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ ఒళ్ళు మంట.

అలాంటి దాన్ని నేను కూడా మా అత్తమ్మ విషయంలో బోల్తా పడ్డాను. ఏళ్ళ తరబడి సూది చేతిలోకి తీసుకుంటే అద్దాలేవని ఇల్లంతా వెతికించే మనిషి, ఒక ఉదయం వాకిట్లో కూర్చుని అద్దాలు లేకుండానే దారం ఎక్కించేసింది. ఎక్కించి, తనే నమ్మలేక, తీసి మళ్ళీ ఎక్కించింది. తర్వాత క్యాలెండర్ గోడ మీది నుంచి దింపి, ముక్కు దగ్గర పెట్టుకుని, చీమ తలకాయలంత అక్షరాల్లో ఉన్న వర్జ్యం, దుర్ముహూర్తం గడగడా చదివింది. చదువు ఆగిపోయింది చిన్న తరగతుల్లోనే అయినా ఆ పూట ఆమె గొంతు వింటే పంతులమ్మ అనుకోవాలి.

ఆ పేరంతా పొన్నగంటి కూరకు పోయింది. ఆ సీజన్లో పొలం గట్ల మీది పొన్నగంటి ఆకు తెచ్చి రోజు మార్చి రోజు వండింది లెండి. వాడకట్టు ఆడవాళ్ళు వచ్చి కూర్చుని, ఆమె సూదిలో దారం ఎక్కిస్తుంటే చూసి వెళ్ళేవారు. వారం తిరిగేసరికి మా గట్ల మీద మందుకి కూడా పొన్నగంటి దొరకలేదు. ఇంటి వైద్యాలంటే ఒళ్ళు మండే నేను ఏం చేశాను? ఆ నెలంతా రెండు పూటలా తిన్నాను. నా అద్దాలు నా ముక్కు మీదే ఉన్నాయి. ఆమె అద్దాలు ట్రంకుపెట్టె అడుక్కి వెళ్ళాయి. ఆ సంతోషంలో ఆమె నడకే మారిపోయింది.

తర్వాత బస్సు సంగతి జరిగింది. పటాన్‌చెరు అంగడికని బయల్దేరి, స్టాపులో నిలబడి, వచ్చే బస్సుకి చెయ్యెత్తింది. బస్సు ఆగింది. ఆడవాళ్ళు ఎక్కుతున్నారు, ఆమె కూడా ఎక్కింది. కిటికీ పక్క సీటు దొరికింది. ఫ్రీ టికెట్ కోసం ఆధార్ కార్డు తీసి చేత్తో పట్టుకుని కూర్చుంటే కండక్టర్ ఎంతకీ రాడు. టికెట్ కొట్టవేందని ఆమె ముందుకి కేకలేస్తే పక్కనున్న పిల్లలు నవ్వారట. ఇస్నాపూర్ దాటాక బస్సు పక్కకి తిరిగి ఒక కంపెనీ గేట్లోంచి లోపలికి వెళ్ళి ఆగింది. అది షిఫ్టు బస్సు. దిగినవాళ్ళందరి మెడలో ఐడీ కార్డులున్నాయి, మా అత్తమ్మ చేతిలో ఆధార్ ఉంది. వాచ్‌మన్ కుర్చీ వేసి కూర్చోబెట్టి, చాయ్ తాగించి, మా ఆయనకి ఫోన్ చేశాడు. ఆయన బండి మీద వెళ్ళేసరికి ఆమె ఆ వాచ్‌మన్‌కి పొన్నగంటి కూర మహిమ చెబుతోంది.

మేమందరం పడీ పడీ నవ్వాం. కానీ నవ్వు ఆగాక నాకు అనుమానం వచ్చింది. క్యాలెండర్ చదివే కళ్ళకి అంత పెద్ద బస్సు బోర్డు కనబడకపోవడమేంటి? రోడ్డు దాటి పొలానికి వెళ్ళే మనిషి. ఆ హైవే మీద లారీలు మన కోసం ఆగవు. మర్నాడే సంగారెడ్డిలో కళ్ళాసుపత్రికి తీసుకెళ్ళాను.

డాక్టరమ్మ చిన్న వయసుది. లైటు వేసి రెండు కళ్ళూ చూసి, రెండింట్లోనూ శుక్లాలున్నాయంది. కంటి లోపలి కటకం వయసుతో ముదిరి చిక్కబడేటప్పుడు కొందరికి దగ్గరి చూపు కొన్నాళ్ళు బాగైనట్టు ఉంటుందట, దూరం మసకేస్తుందట. కూర తింటే మంచిదే, తినండి, కానీ ముదిరిన కటకాన్ని ఏ ఆకూ వెనక్కి లేతగా చేయదని చెప్పింది. అత్తమ్మ ముఖం వాడిపోయింది. నాకు కూడా పాపం అనిపించింది. అంతలో డాక్టరమ్మ, ఆ కటకం పసుపు రంగుకి తిరిగిందని, అందుకే తెల్లనివి పచ్చగా కనబడతాయని, నీలం రంగు సరిగ్గా ఆనదని అంది. నేను ఆసుపత్రి అని కూడా చూడకుండా గట్టిగా నవ్వేశాను. అత్తమ్మ నన్ను కళ్ళతో కాల్చేసింది.

ఆ తర్వాత ఆమె తన అనుమానాలన్నీ బయటపెట్టింది. కంట్లో పొర పండాలి కదా, పండకముందే కోస్తే ఎలా అంది. మామిడికాయా అమ్మా పండటానికి, ఎంత ఆగితే అంత గట్టిపడి తీయడం కష్టమవుతుందని డాక్టరమ్మ నవ్వింది. కనుగుడ్డు బయటికి తీసి కడిగి మళ్ళీ పెడతారంట కదా అంది. కన్ను ఎక్కడిదక్కడే ఉంటుందట. తేనె చుక్కలు వేస్తే కరగదా అంది. తేనె రొట్టె మీద వేసుకోమంది. ప్రతి ప్రశ్నకీ జవాబు దొరికింది. అయినా ఇంటికి రాగానే ఆపరేషన్ వద్దనేసింది.

నెల రోజులు బతిమాలాం. మా ఆయన బతిమాలాడు, కోప్పడ్డాడు. పొర పండనీ అనే ఒక్క మాట పట్టుకుని కూర్చుంది. డాక్టరమ్మ చెప్పింది అర్థం కాక కాదు, ఆమెకి అర్థం కానిదేదీ లేదు. చివరికి ఒక మధ్యాహ్నం వంటింట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు, అసలు భయమేంటో చెప్పమని అడిగాను. పప్పు కలుపుతూనే చెప్పింది.

"మా అత్తకు గిట్లనే కన్ను కోసిండ్రు. నలభై దినాలు చీకటర్రల పండవెట్టిండ్రు. అప్పుడు గంటె నా చేతికొచ్చింది. ఇగ మల్ల ఇయ్యలె నేను."

అడగలేదా ఆమె, అన్నాను.

"అడగలె. గడప కాడ కూసొని సూసేది."

నాకు నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. ఇన్నేళ్ళూ నాకు పోపు వేయడం రాదని ఆ గరిట ఇవ్వలేదనుకున్నాను. అది చేతిలోంచి పోతే తను ఆ గడప దగ్గరికి పోవాల్సి వస్తుందని ఆమె భయం. ఇప్పుడు నలభై రోజులు లేవని, మర్నాడే లేచి తిరగొచ్చని, నీ గరిట నాకొద్దని ఎన్ని చెప్పినా తల అడ్డంగానే ఊపింది.

అప్పుడు మామయ్య వచ్చాడు. కంచం ముందు కూర్చుని, ఎవరూ అడగకుండానే అన్నాడు.

"ధోతి నీలమే ఉన్నది."

అత్తమ్మ చెయ్యి ఆగిపోయింది. ఎప్పటి నుంచి అని అడిగింది. శానా దినాలసంది అన్నాడు. ఊరంతా ఇట్లనే తిరిగినవా అంది. తిరిగిన అన్నాడు.

"మరి నాకెందుకు చెప్పలె?"

"తెల్లగ చెయ్యాలెనని ఉతుకుతున్నవ్. ఏమని చెప్పాలె?"

ఆమె ఆయన ధోతి వంక చూసింది. ఆమెకి కనబడింది పసుపు పచ్చే అయి ఉంటుంది. కానీ ఆ మనిషి అబద్ధం చెప్పడని ఆమెకి తెలుసు. పప్పు వడ్డించింది. వడ్డిస్తూ, రేపు దవాఖానకి పోదాం అంది.

ఆపరేషన్ ఆమె చూసే సీరియల్ ఒక భాగమంతసేపు కూడా పట్టలేదు. తీసుకెళ్ళారు, తీసుకొచ్చారు. లోపల ఏం జరిగిందని అడిగితే, లైటు తప్ప ఏమీ కనబడలేదని, ఇంత దానికి ఇన్నాళ్ళు ఎందుకు బతిమాలారని మమ్మల్నే తిట్టింది. రెండో కంటికి కొన్నాళ్ళాగి చేస్తామన్నారు.

మర్నాడు కట్టు విప్పారు. డాక్టరమ్మ గోడ మీది అక్షరాలు చదవమంది. మా అత్తమ్మ అక్షరాల వంక చూడనే లేదు. తలుపు దగ్గర నిలబడ్డ మామయ్యని చూసింది. కొత్త కన్ను తాకకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని పాత కంటితో చూసింది. చెయ్యి ఇటు మార్చి కొత్త కంటితో చూసింది. మళ్ళీ అటు, మళ్ళీ ఇటు.

"గీ కంటికి పసుపచ్చగున్నడు. గీ కంటికి నీలమున్నడు," అంది. తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. కంట్లో నీళ్ళు రాకూడదని నర్సు కంగారుపడుతున్నా ఆగలేదు. ఇట్లా ఎట్లా తిప్పిన ఈ మనిషిని ఊర్ల అంటుంది, నవ్వుతుంది. మామయ్య కూడా నవ్వాడు. ఆయన అంత గట్టిగా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. వరుసలో కూర్చున్న పేషెంట్లంతా మా వైపే చూశారు. మాకేం సిగ్గనిపించలేదు.

ఇంటికొచ్చాక అసలు కథ మొదలైంది. నల్లద్దాలు పైకెత్తి వంటిల్లంతా కలియజూసింది. పొయ్యి వెనక గోడకి పట్టిన జిడ్డు, డబ్బాల మూతల మీది మరకలు, ఫ్యాన్ రెక్కల మీది మసి. ఇవన్నీ ఎప్పటివని నన్ను అడిగింది. మీ రాజ్యంలోవే అన్నాను. తర్వాత నన్ను దగ్గరికి రమ్మంది. గడ్డం పట్టుకుని ముఖం వెలుతురుకి తిప్పింది. పాపిట దగ్గర వెంట్రుకలు వేళ్ళతో విడదీసింది.

"తెల్లగైనయి గదనే," అంది. "నువ్వు గింత పెద్దదానివి ఎప్పుడైనవ్?"

పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన రోజున కూడా ఆమె నన్ను అంత దగ్గరగా చూడలేదు.

కొన్నాళ్ళు పొగకి, దుమ్ముకి దూరంగా ఉండమన్నారు. ఆ రోజులన్నీ నేనే వండాను. ఆమె నల్లద్దాలు పెట్టుకుని వాకిట్లో కూర్చునేది. గడప దగ్గరికి రాలేదు. వాళ్ళ అత్త సంగతి విన్నాక నేను కూడా అక్కడ కుర్చీ వేయలేదు. డాక్టరమ్మ ఇక పొయ్యి దగ్గరికి వెళ్ళొచ్చన్న రోజు, నేను పప్పు దించి, గరిట కడిగి, తుడిచి, ఆమె చేతికిచ్చాను. నాకు నిజంగానే సంతోషంగా ఉంది. ఆమె తీసుకుంది. పప్పు కలిపింది. రుచి చూసింది. తర్వాత గరిట నా చేతిలో పెట్టి, పక్కనున్న పీట జరుపుకుని పొయ్యి పక్కనే కూర్చుంది.

"పోపు నువ్వెయ్యి," అంది.

ఇరవై ఏళ్ళ తర్వాత ఆ పొయ్యి మీద, ఆమె పక్కనుండగా వేసిన మొదటి పోపు. ఆవాలు చిటపటలాడాయి, ఎండుమిరపకాయలు వేశాను, వెల్లుల్లి వేశాను. కరివేపాకు కోసం ఇటు తిరిగి అటు తిరిగేసరికి వెల్లుల్లి నల్లగా మాడిపోయింది.

ఆమె చూసింది. గరిట అడగకుండా పప్పు గిన్నె నా ముందుకి జరిపింది.